పిల్లి డాక్టరమ్మ

నా సర్వీసంతా గేదెలు, ఆవులు, మేకల మధ్యే నడిచింది. అడ్డం తిరిగిన దూడల్ని భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి లాగాను. పశువులకి గాలికుంటు జబ్బు వచ్చిన ఏడాది తిండీ నిద్రా లేకుండా ఊళ్ళు పట్టుకు తిరిగాను. ఇంత చేశాక, రిటైరయ్యేనాటికి మా శాఖలో నాకు మిగిలిన పేరు ‘పిల్లి డాక్టరమ్మ’. అది ముద్దుగా పెట్టింది కాదు. మీటింగుల్లో నేను మాట్లాడ్డానికి లేవగానే వెనక వరసల్లోంచి ఎవరో ఒకరు సన్నగా మ్యావుమనేవారు. అందరూ నవ్వేవారు. కొన్నాళ్ళకి నేనూ నవ్వడం నేర్చుకున్నాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. “మేడమ్, పిల్లి ఇసక ట్రేలో ఉచ్చ పోయకుండా ఇల్లంతా పాడు చేస్తోందని తెచ్చారు, ఏం చెయ్యమంటారు?” అని. ఈమధ్య చిన్న చిన్న ఊళ్ళలో కూడా పిల్లుల్ని ఇంట్లో పెట్టి పెంచుతున్నారు, కాబట్టి కొత్త డాక్టర్లైన మీకు ఈ ప్రశ్న తరచూ వస్తుంది. అడిగినవాళ్ళకి ఏం చూడాలో, ఏం మందివ్వాలో చెబుతాను. నాకు ఆ పేరెలా వచ్చిందో మాత్రం చెప్పను. అది ఫోన్లో చెప్పి పెట్టేసే సంగతి కాదు.

చీపురుపల్లికి అవతల ఒక చిన్న ఊళ్ళో నా చివరి పోస్టింగ్. ఊరి పేరు ఎందుకులెండి. ఆసుపత్రిలో ముగ్గురమే ఉండేవాళ్ళం. నేను, నా కింద ఒక కుర్ర డాక్టరు, ఒక అటెండరు. కుర్ర డాక్టరు చదువులో మెరిక. మాట మెత్తన, చెయ్యి చురుకు. రైతులకి అతనంటే ఇష్టం, నాకూ ఇష్టమే. అటెండరు నాకంటే ముందునుంచీ అక్కడే ఉన్న మనిషి. ఏ ఊళ్ళో ఎవరికెన్ని పశువులున్నాయో ఆయన నోటి మీదే ఉండేది.

ఒక సంత రోజు పొద్దున్న, వరండా నిండా మేకలూ దూడలూ ఉండగా, యాభై దాటిన ఒకావిడ కూరగాయల బుట్టకి తువ్వాలు బిగించి కట్టి పట్టుకొచ్చింది. నూలు చీర, మెళ్ళో సన్నటి గొలుసు, కళ్ళజోడు.

“కోళ్ళ టీకా రేపు గదమ్మా, బేగొచ్చేసినావు,” అన్నాడు అటెండరు.

“కోడి కాదు బాబూ. పిల్లి.”

“పిల్లికేటొచ్చిందమ్మా? ఎలకల్ని పట్టడం మానీసిందేటి?”

వరండాలో ఉన్న రైతులంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బుట్టని రెండు చేతులతో గుండెలకి పట్టుకుని తన వంతు వచ్చేదాకా నిలబడే ఉంది. లోపలికొచ్చాక గొంతు తగ్గించి చెప్పింది.

“ఎక్కడ పడితే అక్కడ ఉచ్చ పోసేస్తన్నాదండి. దానికో టబ్బున్నాది, అందులో ఇసకున్నాది. చిన్నప్పటి నుంచీ అందులోకే వెళ్ళేది. ఇప్పుడా టబ్బు మొహం చూడదు. మంచాల మీద, మా అన్నయ్య పంచెల మీద, నా పిల్లలు కూర్చునే చాప మీద…”

“పిల్లలంటే?”

“వయొలిన్ నేర్పుతానండి. మా ఇంటికొస్తారు. వాసనొస్తన్నాదని ఒకరొకరే మానేస్తన్నారు. మా అన్నయ్యేమో దాన్ని దూరంగా ఎక్కడో ఒగ్గేసి రమ్మంటాడు. అది కావాలనే చేస్తన్నాదట. పగ పట్టిందట.”

తువ్వాలు విప్పాను. బూడిద చారల నాటు పిల్లి, ఆడది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. ఆవిడని ఒక్కటే అడిగాను, కూర్చుని పోస్తోందా, నిలబడి తోకెత్తి గోడకి చిమ్ముతోందా అని. మీరూ ముందు ఇదే అడగండి. చిమ్మితే అది సరిహద్దు గీసుకోవడం. కూర్చుని పోస్తే వేరే సంగతి.

“కూర్చునేనండి. కూర్చుని అలాగే ఉండిపోతాది. రెండు చుక్కలొస్తాయి. ఒక్కోసారి అరుస్తాది కూడా.”

పొట్ట కింద వేళ్ళు పెట్టి నొక్కి చూశాను. మూత్రాశయం చిన్న నిమ్మకాయలా గట్టిగా తగిలింది. పిల్లి నా మణికట్టు మీద పళ్ళు ఆనించింది, కొరకలేదు. నొప్పిగా ఉందని చెప్పడానికి దానికి అంతకంటే మర్యాదైన దారి లేదు. మూత్రం తీసి మైక్రోస్కోపు కింద చూస్తే రక్తకణాలే తప్ప క్రిములు లేవు, రాళ్ళ జాడ లేదు. కొన్ని పిల్లులకి ఇంట్లో బతుకు తారుమారైతే, ఏ క్రిమీ లేకుండానే ఆ మూత్రాశయం లోపలి పొర వాచిపోతుంది. పోసినప్పుడల్లా మంట. ఆ మంట టబ్బులో ఉండగా పుట్టింది కాబట్టి, మంట పెట్టింది టబ్బే అనుకుంటుంది. అందుకే మెత్తగా ఉన్న చోటు కోసం వెతుక్కుంటుంది. ఇందులో పగ లేదు, పొగరూ లేదు.

“ఇంట్లో ఈమధ్య ఏమైనా మార్పు జరిగిందా?” అని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. “మా వదిన పోయిందండి,” అంది.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పిల్లి కోసం ఇంటికి వెళ్ళడమేమిటని అటెండరు వింతగా చూశాడు. టబ్బు చూడకుండా ఈ జబ్బు తేలదని చెప్పాను.

అన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. చదువూ సంగీతమూ తరాలుగా ఉన్న ఇల్లు అది. గోడ మీద తాతగారి ఫొటో, ఆయన ఒళ్ళో వయొలిన్. మాస్టారు కుర్చీ వేసి, చెల్లెలితో కాఫీ తెప్పించి, నన్ను గౌరవంగానే చూశారు. భార్య పోయి అప్పటికి ఇంకా ఏడాది కాలేదు. పిల్లి ఆవిడదే. వానలో తడిసి వాకిట్లో పడి ఉంటే తెచ్చి పెంచిందట. పేరు కూడా పెట్టలేదు. “ఒసే” అని పిలిస్తే వచ్చేది. నేను అక్కడ కూర్చుని ఉండగానే మాస్టారు లోపలున్న చెల్లెల్ని “ఒసే, పంచదార తక్కువైంది,” అని పిలిస్తే, పిల్లి గోడ చాటునుంచి తల బయటపెట్టి చూసింది. మాస్టారు మొహం తిప్పుకున్నారు.

“టబ్బు ఎక్కడుంది?” అన్నాను.

చెల్లెలు పెరటి వసారాలోకి తీసుకెళ్ళింది. నీళ్ళ మోటారు పక్కన పెట్టారు దాన్ని. నేను అక్కడుండగానే ట్యాంకు కోసం ఆవిడ స్విచ్చి వేసింది. మోటారు ఒక్కసారిగా గుర్రుమంటే నేనే ఉలిక్కిపడ్డాను.

“ముందు కూడా ఇక్కడే ఉండేదా?”

ఆవిడ హాల్లోకి చూసింది. హాలు పక్కన ఒక గది తలుపుకి బయటి నుంచి గొళ్ళెం పెట్టి, తాళం వేసి ఉంది.

అది మాస్టారి భార్య గది. ఆవిడ జబ్బుతో ఉన్నన్నాళ్ళూ ఆ గదిలోనే ఉంది. టబ్బు ఆ గది మూలలో ఉండేది, పిల్లి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకునేది. ఆవిడ పోయాక మాస్టారు గది కడిగించి తాళం వేసి, టబ్బుని మోటారు పక్కకి మార్చారు.

“ఆ గది తీయనండీ,” అన్నారు మాస్టారు, నేను నోరు విప్పకముందే.

“టబ్బు మళ్ళీ అక్కడ పెడితే తగ్గుతుంది మాస్టారూ.”

“అది నా మీద కక్షతోనే చేస్తున్నదమ్మా. వేరెవరి బట్టలూ ముట్టుకోదు. నా పంచెలే కావాలి దానికి. నా పక్కే కావాలి.”

“మీ పంచెలు మెత్తగా మడత పెట్టి, దానికి అందేటట్టు ఉన్నాయి. అంతకంటే ఏమీ లేదు. దానికి నొప్పిగా ఉంది.”

“మీరు పిల్లుల్ని చూశారు. నేను దీన్ని చూస్తున్నాను.”

నన్ను వీధి చివరిదాకా దిగబెట్టడానికి వచ్చి చెల్లెలు అసలు సంగతి చెప్పింది. వదిన చాన్నాళ్ళు కడుపునొప్పి అంటూ ఉండేదట. మాస్టారు నమ్మేవారు కాదట. ఎక్కడికైనా బయల్దేరదామనేసరికి నొప్పి అంటుంది, అంతా వంక అనేవారట. “వాము నమలమనేవాడండి. విజయనగరం తీసుకెళ్ళేసరికే డాక్టర్లు పెదవి విరిచేశారు. అన్నయ్య మంచోడే. కాపోతే ఎదుటోళ్ళకి నొప్పున్నాదంటే నమ్మడు.” ఈ మాట ఆవిడ కోపంగా అనలేదు. ఆయనకి పంచదార ఎంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది.

తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను. ఆయనతో వాదించలేదు. “కొన్నాళ్ళు గది తెరిచి చూడండి మాస్టారూ. అప్పటికీ తగ్గకపోతే తెచ్చి నాకిచ్చేయండి. నేనే పెంచుకుంటాను. ఒగ్గేయడం మాత్రం వద్దు,” అన్నాను. ఆయన లేచి దేవుడి గూట్లోంచి తాళం చెవి తెచ్చి, తాళం తీసి, తలుపు తొయ్యకుండానే వెనక్కి వచ్చేశారు. చెల్లెలే తోసింది.

తగ్గింది. నొప్పి మందు వేశాం. నీరు ఎక్కువగా దిగాలని తిండి పల్చగా పెట్టించాం. ఆ ఇంట్లో నీచు వండరు కాబట్టి ఉప్పూ కారం వెయ్యని చేపల చారు మా అటెండరింటి నుంచి వెళ్ళేది. “నా ఉద్యోగం సూడండి మేడమ్ గోరూ, మాస్టారింటికి సేపలు మోస్తన్నాను,” అని ఆయన అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. టబ్బులో ఇసక దళసరిగా పోసి గదిలో మూలన పెట్టారు. మొదట పక్కల మీద పోయడం ఆగింది. తర్వాత చాప మీద కూడా ఆగిపోయింది. మానేసిన పిల్లలు మళ్ళీ వయొలిన్‌కి రావడం మొదలుపెట్టారు. ఒకసారి అటుగా వెళ్తూ తొంగి చూస్తే, మాస్టారు ఆ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. పిల్లి లోపల ఉత్త మంచం మీద పడుకుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు నటిస్తున్నారు. నాకు చాలా సంతోషం వేసింది. కుర్ర డాక్టరుకి ఈ కేసు మొదటినుంచీ చివరిదాకా విడమరిచి చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. “భలే కేసు మేడమ్,” అన్నాడు.

భార్య సంవత్సరీకం వచ్చింది. ఆ రోజు నేను అక్కడ లేను. చెల్లెలు తర్వాత చెప్పిందే నాకు తెలుసు.

బంధువులు దిగారు. పోయినావిడ గదిలో పిల్లి ఉచ్చ టబ్బు ఏమిటని నలుగురూ అంటారని మాస్టారు తెల్లవారకుండానే టబ్బు తీసుకెళ్ళి పెరటి గోడవతల పెట్టేశారు. గదికి మళ్ళీ గొళ్ళెం పెట్టి తాళం వేశారు. చెల్లెలు మడి కట్టుకుని వంటలో ఉంది, హాల్లోకి రావడానికి లేదు. పిల్లి ఆ తలుపు దగ్గరికి పోయి గీరుతూ అరిచిందట. ఎవరో అదిలిస్తే పోయి, మళ్ళీ వచ్చిందట. చివరికి భోక్తలకి ఇవ్వడానికి పళ్ళెంలో పెట్టిన కొత్త పంచెల చాపు మీద కూర్చుని పోసేసింది. అందరూ చూస్తుండగానే.

ఎవరూ అరవలేదట. అరిచినా బాగుండేదండి, అంది చెల్లెలు. పోయినావిడ అక్కగారు పెద్దావిడ. నెమ్మదిగా అందట, “దానికేదో తెలుస్తన్నాది. మా చెల్లి మనసులో ఏదో పెట్టుకునే వెళ్ళిపోయింది.” మాస్టారు ఆ మాట విని అక్కడే నిలబడిపోయారు. భోక్తలకి వేరే పంచెలు తెప్పించారు. కార్యం పూర్తయింది.

మర్నాడు నాకు రామతీర్థం అవతల ఒక ఊళ్ళో గొర్రెలకి టీకాల క్యాంపు. పొద్దున్నే జీపులో వెళ్ళిపోయాను. కుర్ర డాక్టరూ అటెండరూ ఆసుపత్రిలో ఉన్నారు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వరండాలో ఆ కూరగాయల బుట్ట ఉంది. తువ్వాలు కట్టే ఉంది. నాకు ఆనందమే వేసింది, అది చెప్పుకోవాలి. ఇచ్చేశారన్నమాట అనుకున్నాను. మా ఇంట్లో దాన్ని ఏ గదిలో పెట్టాలా అని ఆలోచిస్తూ బుట్ట ఎత్తాను. ప్రాణమున్న పిల్లి బుట్టలో ఉంటే బరువు అటూ ఇటూ జరుగుతుంది. ఆ బరువు జరగలేదు.

అటెండరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“ఏమైంది?”

“మాస్టారొచ్చినారమ్మా. మిమ్మల్నే అడిగినారు, డాక్టరమ్మ గోరు ఎప్పుడొస్తాదని. ఆ బల్ల మీదే కూకున్నారు సేనాసేపు. సిన్న డాక్టరు గోరు సూసి, ఏటని అడిగినారు. మాస్టారు ఏడిసినారమ్మా. పెద్దమడిసి, సిన్నపిల్లడినాగ ఏడిసినారు. అప్పుడు సిన్న డాక్టరు గోరు ఇంజెచ్చను సేసీసినారు. మీకు ఫోన్ సేద్దునా అనుకున్నాను. నాను సేస్తే ఈయనేటనుకుంతారో అని…”

లోపల కుర్ర డాక్టరు టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అతని మొహంలో తప్పు చేసిన భావం లేదు. కష్టమైన పని ఒకటి తనే మొయ్యాల్సివచ్చిన మనిషి అలసట ఉంది.

“ఆ ఇంట్లో అది ఇంక బతకదు మేడమ్. మళ్ళీ మొదలుపెట్టిందట. ఆయన మీకిచ్చేస్తానన్నారు. మేడమ్ ఇంట్లో కూడా ఇదే చేస్తుంది కదండీ, ఎంతమందికి బాధ అన్నాను. నొప్పి తెలియకుండా పంపించేయొచ్చని చెప్పాను. ఆయన తలూపారు.”

“చెయ్యి పెట్టి చూశావా?”

“దేనికి మేడమ్?”

“పొట్ట. వాపు మళ్ళీ వచ్చిందా, లేదా? నొప్పుందా?”

అతను నిజంగానే అర్థం కానట్టు చూశాడు. “చంపబోయేదానికి పరీక్ష ఎందుకు మేడమ్?” అన్నాడు. వెటకారంగా కాదు, నిజాయితీగానే అడిగాడు.

నేను ఏదో అనబోతుండగా గేటు చప్పుడై వరండాలోకి వచ్చాను. చెల్లెలు వస్తోంది. ఎండలో నడిచొచ్చింది. నడుం మీద, నీళ్ళ బిందె పెట్టుకున్నట్టు, ఇసక టబ్బు పెట్టుకుని వస్తోంది. చేతిలో ఎండుచేపల పొట్లం.

“మా పిల్ల ఏదండీ?” అంది నవ్వుతూ, ఆయాసపడుతూ. “అన్నయ్య చెప్పాడు, మీకిచ్చేశానని. నాకు మనసాగలేదు. మళ్ళీ అనుకున్నాను, మీ దగ్గరైతే బాగుంటాదిలే అని. కొత్త చోటు కదా, దాని టబ్బు దానికుంటే బేగి అలవాటు పడతాది. ఇసక కూడా మార్చలేదు, దాని వాసన దానికి తెలుస్తాదని.”

ఆవిడ నా మొహం చూసింది, తర్వాత అటెండరు మొహం చూసింది. తర్వాత బుట్ట కనిపించింది. టబ్బుని మెల్లగా కింద పెట్టింది. ఒక్క గింజ ఇసక కూడా ఒలకనివ్వలేదు. బుట్ట దగ్గర చతికిలబడి తువ్వాలు ముడి విప్పింది. “ఒసే,” అని పిలిచింది. ఇంకోసారి పిలవలేదు.

తర్వాత నన్ను అడిగింది. “దానికి నొప్పి మళ్ళీ వచ్చిందాండి? లేకపోతే తగ్గిపోయాకే చంపేశారా?”

ఆ ప్రశ్నకి అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎవరూ చూడలేదు కాబట్టి. ఇద్దరు డాక్టర్లున్న ఆసుపత్రి అది. నేను అప్పుడు చెయ్యి పెట్టి చూశాను, ఆవిడ చూస్తుండగా. మెత్తగా ఉంది. కానీ చచ్చిన జంతువు పొట్ట ఎలాగూ మెత్తగానే ఉంటుంది, దానివల్ల ఏమీ తెలియదు. ఆ మాటే ఆవిడకి చెప్పాను.

షెడ్డు వెనక అటెండరు గొయ్యి తవ్వాడు. మట్టి కప్పాక, చెల్లెలు టబ్బులో ఇసకంతా దాని మీద పోసేసి, చేత్తో సమంగా సర్దింది. ఖాళీ టబ్బు అక్కడే వదిలేసింది. తర్వాత చాన్నాళ్ళు అది మా ఆసుపత్రిలో బ్లీచింగ్ కలుపుకోవడానికి పనికొచ్చింది. పారేద్దామని నేనూ అనలేదు, అటెండరూ అనలేదు.

నేను పైఅధికారి దగ్గరికి వెళ్ళాను. పరీక్ష చెయ్యకుండా, నేను నెలల తరబడి చూసుకుంటున్న కేసుని, నేను తీసుకుంటానని మాటిచ్చిన జంతువుని చంపేశారని చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. “తెచ్చింది ఇంటాయన. ఒప్పుకుంది ఇంటాయన. కుర్రాడు చేసినదాంట్లో తప్పేముంది?” అన్నారు. పరీక్ష చెయ్యకపోవడం తప్పన్నాను. “అమ్మా, ఇక్కడ గేదెలు చస్తుంటే వెళ్ళడానికి మనుషుల్లేరు. మీరు వీధి పిల్లి మీద ఎంక్వయిరీ వెయ్యమంటున్నారు.” పక్కన కూర్చున్న ఇద్దరు నవ్వు ఆపుకున్నారు. నేను గదిలోంచి బయటికొచ్చేలోపలే నాకు పేరు పెట్టేశారు.

ఆ కుర్రాడు చెడ్డవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ తర్వాత రెండేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. నడిరాత్రి రైతు పిలిచినా విసుక్కోకుండా వెళ్ళేవాడు. ఒక జెండా పండగనాడు జిల్లాలో మంచి డాక్టరని సన్మానం కూడా చేశారు, నేనూ చప్పట్లు కొట్టాను. ఒకసారి మాత్రం తనంతట తనే అన్నాడు, “ఆయన ఏడ్చారు మేడమ్. ఎదురుగా ఒక మనిషి అలా ఏడుస్తుంటే ఏదో ఒకటి చెయ్యాలి కదా.” ఆ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. మీకూ ఎదురవుతుంది అలాంటి పూట. తెచ్చినవాళ్ళు ఏడుస్తారు, అలిసిపోయి ఉంటారు, నలుగురిలో తల వంచుకున్నవాళ్ళై ఉంటారు. ఇంజెక్షన్ మీ చేతిలో ఉంటుంది. వాళ్ళ బాధ తీర్చడానికి చాలా సులువైన దారి కనిపిస్తుంది. అప్పుడు బుట్ట విప్పి పొట్ట మీద చెయ్యి పెట్టండి. దానికి పట్టేది ఎంతోసేపు కాదు. పెట్టాక కూడా చంపాల్సివస్తే చంపండి. కానీ ఎందుకు చంపారో అడిగితే జవాబైనా ఉంటుంది మీ దగ్గర.

చెల్లెలు ఆ ఇంట్లో ఎక్కువ రోజులు ఉండలేదు. దెబ్బలాటేమీ జరగలేదట. వయొలిన్ పెట్టె, నాలుగు చీరలు సర్దుకుని శ్రీముఖలింగం దగ్గర పెద్దమ్మ కూతురింటికి వెళ్ళిపోయింది. అక్కడి పిల్లలకి నేర్పుతోందని విన్నాను. బయల్దేరేరోజు నా దగ్గరికి వచ్చింది. “నాకు అన్నయ్య మీద కోపం లేదండి. చంపేసినందుకు కాదు నేను వెళ్ళడం. మీకిచ్చేశానని నాకు చెప్పాడు చూశారా, ఆ మాట చెప్పి, నేను టబ్బు పట్టుకుని బయల్దేరుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఎండలో వెళ్తన్నావు, గొడుగు పట్టుకెళ్ళు అన్నాడు. అందుకండి,” అంది.

నేను రిటైరయ్యే వారం మాస్టారు ఆసుపత్రికి వచ్చారు. బాగా చిక్కిపోయారు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. సన్మానాలకీ వీడ్కోళ్ళకీ ఎవరెవరో వచ్చిపోతుంటే, అదే బల్ల మీద ఒక చివర కూర్చుని, అందరూ వెళ్ళేదాకా ఆగారు.

“ఒక్క మాట అడిగి వెళ్ళిపోతానమ్మా,” అన్నారు. “ఆ రోజు ఇంటినిండా అన్ని చోట్లుండగా, అది ఆ బట్టల మీదే ఎందుకు పోసిందంటారు? మా ఆవిడ అక్కగారు అన్న మాట నన్ను వదలడం లేదు. ఆవిడ మనసులో ఏదో ఉండే పోయిందా? అది దీనికి తెలిసిందా? లేకపోతే, ఆవిడ కోసం వెతుక్కునే అలా చేసిందా? మీరు ఏది చెప్పినా నమ్ముతాను.”

ఆయన మాట అబద్ధం కాదు. ఆ పూట నేను ఏది చెప్పినా నమ్మేవారు. ఆవిడకి మీ మీద కోపం ఉండేదంటే ఆ కోపాన్ని మోసుకుంటూ బతికేవారు. ఆవిడ మీద బెంగతో చేసిందంటే, ఇద్దరూ ఒకే దుఃఖంలో ఉన్నారని ఓదార్చుకునేవారు. రెండిట్లో ఏదైనా ఆయనకి ఆసరాయే. ముసలాయన, ఒంటరివాడు, గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేని మనిషి. ఆ ఆసరా ఇవ్వాలని నాకు అనిపించలేదు.

“అదేమీ లేదు మాస్టారూ,” అన్నాను. “దానికి టబ్బు కావాల్సొచ్చింది. గదికి తాళం వేసి ఉంది.”

“అంతేనా?”

“అంతే.”

ఇంకేమైనా చెబుతానేమోనని ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నారు. నేను చెప్పలేదు.